మా అత్తమ్మ మక్కపిండి స్టఫింగ్

మనకు సంక్రాంతికి కూతుళ్ళు, అల్లుళ్ళు ఇల్లు చేరినట్టే అమెరికా వాళ్ళకు థాంక్స్‌గివింగ్ అనే పండుగ ఉంది. నవంబర్ నెలలో నాలుగో గురువారం వస్తుంది. 1941లో చట్టం చేసి మరీ ఆ రోజును ఖాయం చేసుకున్నారు. ఆ రోజు ప్రతి ఇంట్లో టర్కీ కోడిని నిలువునా ఓవెన్‌లో కాలుస్తారు. గుత్తివంకాయలో మనం కారం కూరినట్టు ఆ కోడి పొట్టలో ఒక పదార్థం కూరతారు. దాని పేరే స్టఫింగ్. ఎండిన బ్రెడ్ ముక్కలు, ఉల్లిపాయలు, సెలరీ కాడలు, బోలెడంత వెన్న, సేజ్ అనే ఆకు. ఇంతే! మొదటిసారి తిన్నప్పుడు "ఇది మన బ్రెడ్డు ఉప్మాయే కదండీ" అన్నాను మా ఆయనతో.

మేముండేది అట్లాంటాలో. పెళ్ళయి 2004లో వచ్చాను. ఇటు దక్షిణాది రాష్ట్రాల వాళ్ళు దాన్ని స్టఫింగ్ అనరు, డ్రెస్సింగ్ అంటారు. కోడి పొట్టలో కాకుండా విడిగా పళ్ళెంలో కాలుస్తారు. మామూలు బ్రెడ్ కాదు, మొక్కజొన్న పిండితో చేసిన కార్న్‌బ్రెడ్ వేస్తారు. పెన్సిల్వేనియా వైపు బంగాళాదుంప వేసి ఫిల్లింగ్ అంటారు. సముద్రం దగ్గరి వాళ్ళు ఆయిస్టర్లు కూడా వేస్తారు. మనకు పులుసు ఊరికొక తీరు ఉన్నట్టే అనుకోండి.

మాకు పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. మా పిల్లలు గ్రానీ అని పిలుస్తారు. నాకు ఈ వంట నేర్పింది ఆవిడే. కొలతలు అడిగితే "చేతికి తెలుస్తుంది" అంటారు. అచ్చం మా అమ్మ జవాబే!

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. 2014లో మా మామయ్య పోయారు. ఆ తర్వాత మా అత్తమ్మ వేములవాడ రాజన్న దగ్గర మొక్కుకుని నీసు మానేసింది. గుడ్డు కూడా ముట్టదు. మరుసటి ఏడు మా దగ్గరికి వచ్చింది. ఆ థాంక్స్‌గివింగ్ నాడు మేమంతా టేబుల్ దగ్గర కూర్చుంటే ఆమె తన గదిలో పులిహోర పెట్టుకుని ఒక్కతే తిన్నది. నా మనసుకు ముల్లు గుచ్చినట్టయింది.

2016లో ఎలాగైనా ఆమెను మాతో కూర్చోబెట్టాలనుకున్నాను. పదకొండు మంది చుట్టాలు, పన్నెండు పౌండ్ల టర్కీ. అంత కోడి ఫ్రిజ్‌లో మంచు కరగడానికే మూడు రోజులు పడుతుంది. అన్నీ చేసేసరికి ఓపిక అయిపోయింది. షాపులో స్టఫింగ్ అట్టపెట్టె కనిపించింది. పైన బొమ్మలో బ్రెడ్ ముక్కలు, పచ్చటి ఆకులే ఉన్నాయి. వేడినీళ్ళు, వెన్న కలిపితే అయిదు నిమిషాల పని. కలిపాను, అత్తమ్మకు వడ్డించాను. "మంచిగనే ఉన్నదే" అని మారు కూడా పెట్టించుకుంది.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. కనిపించిన పెట్టె మీదల్లా అక్షరాలు చదివే వయసు. "అమ్మా, దీంట్లో చికెన్ ఉందని రాశారు, నానమ్మ తినొచ్చా?" అంది. అందరి ముందూ, తెలుగులోనే!

అత్తమ్మ ఒక్క మాట అనలేదు. లేచి చెయ్యి కడుక్కుని, తలస్నానం చేసి గదిలోకి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు నా చేతి వంట ముట్టలేదు. అటుకులు, పెరుగు, అరటిపండు, అంతే. "టికెట్ తియ్యి బిడ్డా, నేను ఊరికి పోత" అని కొడుకుతో అంటుంటే వంటింట్లోంచి విన్నాను. మా ఆయన "కాస్త చదివి పెట్టొచ్చుగా" అన్నారు. పదకొండు మందికి వండినప్పుడు ఒక్క ఉల్లిపాయ కూడా తరగని మనిషి! కానీ ఏ మాటకామాట, తప్పు నాదే. ఇంటర్ చదివినదాన్ని, ఆ నాలుగు అక్షరాలు చదవలేకపోయానా?

అయిదో రోజు అత్తమ్మే వచ్చి ఇంత అన్నం పెట్టమంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనే ఎత్తి కాళ్ళ మీద పడబోతే "ఊకో" అంది.

మరుసటి ఏడు నవంబర్ రాగానే స్టూలు తెచ్చుకుని పొయ్యి పక్కన కూర్చుంది. "ఏమేస్తున్నవో నా కళ్ళతోని చూస్త" అంది. నాకు భయం వేసింది గాని, మక్కపిండి డబ్బా మూత తీయగానే ఆమె ముఖం మారింది. "ఇది మక్కలే కదనే! చిన్నప్పుడు గటక తాగి పెరిగినోళ్ళం" అంది. మాది కరీంనగర్ వైపు. అక్కడ మక్క గటక తెలియని ఇల్లు ఉండేది కాదు. అప్పుడు ఇద్దరం కలిసి చేసినదే ఇప్పటికీ చేస్తున్నాను.

ముందు రొట్టె. పచ్చటి బరక మొక్కజొన్న పిండి రెండు కప్పులు, మైదా ఒక కప్పు, బేకింగ్ పౌడర్ మూడు చెంచాలు, వంటసోడా అర చెంచా, ఉప్పు ఒక చెంచా. (మన దగ్గర కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లటి మెత్తటి పిండి వేరు. అది వేస్తే జిగురు ముద్ద అవుతుంది.) గ్రానీ రెండు గుడ్లు కొడతారు. గుడ్డుకు బదులు అత్తమ్మకోసం అవిసె గింజల పొడి రెండు పెద్ద చెంచాలు, ఆరు చెంచాల నీళ్ళలో నానబెడతాను. జిగురు వస్తుంది. రెండు కప్పుల చిక్కటి మజ్జిగ, అర కప్పు కరిగించిన వెన్న పోసి కలిపి, 400 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో ఇరవై అయిదు నిమిషాలు. చల్లారాక చిదిపి రాత్రంతా ఆరనివ్వాలి. తడి రొట్టెతో చేస్తే పేస్టు అవుతుంది.

మర్నాడు అర కప్పు వెన్నలో రెండు ఉల్లిపాయలు, నాలుగు సెలరీ కాడలు మగ్గించి, పది సేజ్ ఆకులు తరిగి వెయ్యాలి. సేజ్ వాసన తులసిలో కర్పూరం కలిపినట్టుంటుంది, ఎక్కువైతే చేదు. అల్లం, రెండు పచ్చిమిర్చి, మిరియాల పొడి అత్తమ్మ చేర్చినవే. జార్జియాలో పెకాన్ పప్పు బాగా పండుతుంది, అదో గుప్పెడు. కోడి నీళ్ళకు బదులు క్యారెట్, ఉల్లిపాయ, సెలరీ ఆకులు ఉడికించి వడకట్టిన నీళ్ళు మూడు కప్పులు. చిదిపిన రొట్టె వేసి కలిపి, వెన్న రాసిన పళ్ళెంలో సర్ది, 350 డిగ్రీల దగ్గర అరగంట మూతపెట్టి, పావుగంట మూత తీసి కాల్చాలి. పైన కరకర, లోపల మెత్తన.

ఒక జాగ్రత్త. కోడి పొట్టలో కూరి కాల్చేవాళ్ళు లోపలి స్టఫింగ్ కూడా 165 డిగ్రీల వేడికి చేరిందో లేదో థర్మామీటరు గుచ్చి చూడాలి. పచ్చి మాంసం రసం అందులోకి దిగుతుంది, సరిగా వేడెక్కకపోతే కడుపు చెడుతుంది. విడిగా చేస్తే ఆ భయమే లేదు. అత్తమ్మకూ అంటు లేదు. కోడి ఒక గట్టు మీద, ఇది ఇంకో గట్టు మీద, గరిటెలు కూడా వేరు.

ఆ ఏడు గ్రానీని కూడా పిలిచాం. అత్తమ్మ, ఆవిడ పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. గ్రానీ తిని, మిరపకాయ తగిలి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నారు. అత్తమ్మ నవ్వుతూ ఆవిడకు మజ్జిగ గ్లాసు అందించింది. ఇప్పుడు మా పిల్లలకు పండుగ అంటే ఇదే. టర్కీ మాడినా పట్టించుకోరు గాని "నానమ్మ స్టఫింగ్" ఉండాల్సిందే. మా అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి మరీ చెబుతుంది.

అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. అయినా స్టూలు వదలదు. సరుకుల పెట్టెలన్నీ ముందు మనవరాలి చేత చదివించుకుంటుంది. పోయిన నవంబర్లో అంతా అయ్యాక ఒక ముద్ద నోట్లో వేసుకుని, కాసేపు ఆలోచించి, "ఈసారి ఉప్పు తక్కువైందే బిడ్డా" అంది.