కాలువ గట్టున గణితానికి కొలువు

మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో నాగార్జునసాగర్ కుడి కాలువ మొదలయ్యే చోటు చూశాను. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో పూర్తయిన ఆనకట్ట నుంచి ఈ కాలువ 203 కిలోమీటర్లు సాగుతుంది. ఇక్కడ గేటు ఎత్తితే ఆ నీరు చివరి భూములకు చేరడానికి రోజులు పడుతుంది. ఎగువన నిండుగా పారి, చివరి ఆయకట్టుకు అందకపోవడం పాత గొడవే. వంతులవారీగా నీళ్లిచ్చే వారబందీ, కాలువ గేట్లు చూసుకునే లస్కర్ల అనుభవం దాన్ని కొంత సర్దుతాయి. గేటు ఎంత ఎత్తితే ఏ మేజరు (పెద్ద పిల్లకాలువ) దగ్గర ఎప్పుడు ఎంత మట్టం ఉంటుందో చెప్పే సమీకరణాలను ఫ్రెంచి ఇంజనీరు సెయింట్ వెనాన్ 1871లోనే రాశాడు. వాటిని చేత్తో తేల్చలేం, కంప్యూటర్‌తో లెక్కకట్టాలి. ఆ విద్య, అంటే గణన గణితం, తెలిసినవారికి నిలకడైన కొలువు లేకపోవడమే మన అసలు లోటని ఈ కాలువ చూశాక గట్టిగా అనిపిస్తోంది.

గణన గణితంలో పిహెచ్‌డీ ముగించినవారికి తర్వాతి మెట్టు పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధక కొలువు. మన జాతీయ ఫెలోషిప్ గడువు రెండేళ్లు. కాలువ కొలతలు సేకరించి, కోడ్ రాసి, నిజమైన నీటి మట్టాలతో సరిచూసేసరికి ఆ గడువు తీరిపోతుంది. మనిషి మరో ఊరు వెతుక్కుంటాడు, కోడ్ దిక్కులేనిదవుతుంది. వరంగల్‌లో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన జె.ఎన్. రెడ్డి కూడా అమెరికాలోని ఆస్టిన్‌లో పోస్ట్‌డాక్ చేశారు. ఆ తర్వాత అక్కడి విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పదవి దొరికింది గనకే 1984లో వచ్చిన ఆయన ఫైనైట్ ఎలిమెంట్ (ముక్కలుగా విడగొట్టి లెక్కించే పద్ధతి) పాఠ్యపుస్తకం ప్రపంచమంతా చదివేదయింది. పోస్ట్‌డాక్ చిన్నదైనా ఫరవాలేదు, దాని వెనక నిలవడానికి చోటుండాలి.

ఇది ఇంజనీర్ల పని, గణితమెక్కడుందని అడగవచ్చు. కాలువను ముక్కలుగా విడగొట్టి లెక్కించేటప్పుడు కాలపు అడుగు మరీ పెద్దదైతే, మామూలుగా వాడే సులువైన పద్ధతుల్లో జవాబు అదుపు తప్పుతుంది. ఆ హద్దును 1928లో తేల్చింది కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే గణితజ్ఞులే. ఈ పనిని నరసరావుపేట వంటి ఊరి కళాశాలలో పెడితే అక్కడ సూపర్‌కంప్యూటర్ ఎక్కడిదనే అభ్యంతరమూ నిలవదు. ఒక కాలువ పొడవునా నీటి నడకను లెక్కించడానికి మామూలు కంప్యూటర్ చాలు. తోటి పరిశోధకులు దగ్గర ఉండరన్న దిగులు మాత్రం న్యాయమైనదే. అందుకే ఐఐటీ హైదరాబాద్ వంటి సంస్థతో ఉమ్మడి నియామకం కావాలి.

నరసరావుపేటలోని జేఎన్‌టీయూ కాకినాడ ఇంజనీరింగ్ కళాశాల అయిదేళ్ల పరిశోధక పోస్టులు పెట్టాలి, జలవనరుల శాఖ కాలువ కొలతలు వారికివ్వాలి. చివరి ఆయకట్టు రైతుకు నీళ్లెప్పుడొస్తాయో సరిగ్గా చెప్పగలిగిన కోడ్‌కు, పదోన్నతి వేళ, పరిశోధన పత్రంతో సమానమైన విలువ కట్టాలి.