పాలపంటి వేరులోని మందు

పాలపండ్లు ఎట్లును ఊడిపోవునవే, వాటికి వైద్యమెందులకని మన యిండ్లలో పెద్దలనుట పరిపాటి. ఊడిన పంటిని ఇంటికప్పు మీదికి విసరి మరచిపోవు సంప్రదాయము మనది. కాని పాలపన్ను తాత్కాలికోద్యోగి వంటిది. ఖాయపు ఉద్యోగి వచ్చి చేరువరకు ఆ స్థానమును కాపాడుటయే దాని పని. అది ముందుగా వెడలిపోయినచో ప్రక్కవారు జరిగి కూర్చుందురు. రావలసినవానికి చోటు దొరకదు. గుమాస్తాగిరిలో జీవితము గడపిన మాకీ పోలిక సులభముగా తోచినది.

మేము దేవసూగూరులో కృష్ణయొడ్డున చిరకాలముగా కాపురమున్నవారము. మా మనుమరాలికి ఐదవయేట రెండవ పాలదవడపన్ను పుచ్చి, రాత్రులు నిదుర లేక ఏడ్చెడిది. సూగూరేశ్వరుని జాతరలో తిన్న బత్తాసులపై కొందరు నెపము వేసిరి. పీకింపుడని బంధువులు చెప్పిరి. రాయచూరులోని దంతవైద్యురాలు వలదనెను. ఆ పన్ను పది పన్నెండేండ్ల వయసు వరకు నిలువవలసినదనియు, దానిని పీకినచో ఆరవయేట వెనుక మొలచు శాశ్వత దవడపన్ను ఆ ఖాళీలోనికి ఒరగుననియు వివరించి, చెడిన గుజ్జును తీసి, వేరుకాలువలను శుభ్రపరచి మందు నింపవలెననెను. "లోపల నింపు మందేమి తల్లీ, పసిబిడ్డ కపాయము లేదు గదా?" యని మేమడిగితిమి.

ఆమె చెప్పినదియు, పిదప మేము చదివి తెలిసికొన్నదియు ఇది. పాలపంటి వేరు, అడుగునుండి శాశ్వతదంతము వచ్చుకొలది తానే క్రమముగా కరగిపోవును. కనుక అందు నింపిన మందును దానితోపాటే కరగవలెను. అది క్రిములను అణచవలెను, వేరుమొన దాటినను లోపలి పంటిమొలకకు హాని చేయరాదు, ఎక్సురేలో కనబడవలెను.

1930 నాటినుండి ప్రసిద్ధమైనది జింకు ఆక్సైడు, యూజినాలు కలిపిన ముద్ద. యూజినాలనగా మన అవ్వలు నొప్పిపంటికి దూదితో పెట్టిన లవంగనూనెలోని సారమే. అది మంచిదే గాని, వేరుకన్న ఆలస్యముగా కరగును. మిగిలిన తునకలు దవడలో నిలిచి ఒక్కొక్కప్పుడు క్రొత్తపంటి దారిని మరల్చును. దానితో ఫార్మోక్రెసాలు కలుపు వాడుకయు నుండెను. అందలి ఫార్మాల్డిహైడును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ 2004 లో మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చుటతో వైద్యులకు శంక బలపడినది. కాల్షియం హైడ్రాక్సైడు, అయోడోఫారము కలిసిన వైటాపెక్సు జపానునుండి వచ్చినది. అది మొన దాటినను కరగిపోవును. కాని కొన్నియెడల వేరుకన్న ముందే కరగి కాలువ ఖాళీయగును. ఈ రెండు తెగల ద్రవ్యములను కలిపిన మందులును నేడు కలవు.

మన తెలుగువారును ఈ యన్వేషణలో పాల్గొనుట సంతోషకరము. భీమవరములోని విష్ణు దంతవైద్య కళాశాల పరిశోధకులు యూజినాలుకు బదులు ఓజోను పట్టించిన నూనెను జింకు ఆక్సైడుతో కలిపి, పిల్లల దవడపండ్లలో నింపి, తొలిఫలితములను 2014 లో ప్రకటించిరి.

మా మనుమరాలి పంటిలో కాల్షియము, అయోడోఫారము కలిసిన మందు నింపి, పైన ఉక్కుతొడుగు వేసిరి. నొప్పి పోయి పిల్ల నిదురించినది. అయినను ఆ మందు వేరుతో సమముగా కరగుచున్నదో లేదో చూచుటకై అప్పుడప్పుడు ఎక్సురే తీయించుచున్నాము.

ఉండవలసినంత కాలముండి, వేళకు శేషము మిగులకుండ తప్పుకొను మందు ఇంకను సిద్ధింపవలసియే యున్నది. అంతవరకు చదువరులు తమ బిడ్డల పంటిలో ఏమి నింపుచున్నారో వైద్యుల నడుగుటకు సంకోచింపకుందురు గాక. రాత్రి పండుకొనుటకు ముందు పిల్లల పండ్లు తోమించుట మాత్రము మన చేతిలోని పనియే.