కేసు షీటులో లేని రెండేళ్ళు

మా తమ్ముడి కుమార్తె హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తోంది. అమెరికా ఆసుపత్రుల వైద్యులు రాసిన నోట్సు చదివి, ప్రతి జబ్బుకూ నిర్ణీతమైన సంకేతాన్ని కేటాయించడం ఆమె పని. మొన్న ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఒక సందేహం అడిగింది.

"పెదనాన్నా, డాక్టరు 'పదే పదే వచ్చే డిప్రెషన్' అని మాత్రమే రాశాడు. నర్సు నోట్సులో 'ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందట' అని ఉంది. ఇది ఎఫ్ 33.3 కాదా?"

పేషెంటు పేరు, ఊరు ఆమె చెప్పలేదు, చెప్పకూడదు కూడా. "నీకేమనిపిస్తోంది?" అన్నాను. "నాకేమనిపించినా లాభం లేదు. డాక్టరు రాయనిది మేం వేయకూడదు. ఆయనకు ప్రశ్న రాసి పంపాలి" అంది.

ఈ సంకేతాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల వర్గీకరణలోనివి. దాని పదవ కూర్పులో ఎఫ్ 33 అంటే తిరగబెట్టే కుంగుబాటు. చుక్క తరువాతి అంకె దాని స్థితిని చెబుతుంది: 33.2 అంటే తీవ్రమైనది, 33.3 అంటే తీవ్రతతో పాటు మనోభ్రాంతి లక్షణాలు కూడా ఉన్నది. మొదటిసారే వస్తే 32.3. 2022లో అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పులో ఇదే జబ్బు 6ఎ71.4 అయింది.

అంకెలు అటుంచి మనిషిని చూద్దాం. ఈ జబ్బులో దిగులు ముందు వస్తుంది, భ్రమలు దాని వెంట వస్తాయి. ఆ భ్రమలకు కూడా దిగులు రంగే ఉంటుంది. తాను మహాపాపినని, ఇల్లు దివాలా తీసిందని, తన పేగులు కుళ్ళిపోయాయని రోగి గట్టిగా నమ్ముతాడు. వినిపించే గొంతులు నిందిస్తాయి. స్కిజోఫ్రేనియాలో సాధారణంగా దిగులు లేని కాలంలో కూడా భ్రమలు కొనసాగుతాయి. ఇక్కడ దిగులు తగ్గితే అవీ తగ్గుతాయి, మనిషి చాలావరకు మునుపటిలా పనిలో పడతాడు. ఈ తేడాను ఒక్కనాటి పరీక్షలో కనిపెట్టడం కష్టం. గడచిన కాలమంతా అడిగి తెలుసుకుని రాయాలి.

నేను రాయలేదు. 1999లో ఒక జిల్లా ఆసుపత్రిలో ఫిజీషియన్‌గా ఉన్నాను. మానసిక వైద్యుల పోస్టు ఖాళీగా ఉండేది. ఒక చేనేత కార్మికుడు తన భార్యను తీసుకువచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. తన పాపం వల్లే మగ్గాలు ఆగిపోయాయని, చనిపోయిన అత్తగారు రాత్రింబవళ్ళు శపిస్తోందని ఆమె చెప్పింది. తిండి మానేసి నెలయింది. తెల్లవారుజామున మూడింటికే లేచి ఏడుస్తోందని భర్త చెప్పాడు. ఆ మాట విన్నాను గాని కాగితం మీద పెట్టలేదు. ఓపీలో రెండువందల మంది ఉన్నారు. "గొంతులు వినిపిస్తున్నాయి. సైకోసిస్." అంతే నా కేసు షీటు. నెలాఖరున రికార్డుల గుమాస్తా కాగితాల కట్ట తెచ్చి, "ఏ కోడు వేయమంటారు సార్?" అని అడిగితే, తల ఎత్తకుండానే "ఎఫ్ 20" అన్నాను. అంటే స్కిజోఫ్రేనియా. గుమాస్తా చేసిన తప్పేమీ లేదు.

2002లో ఆమె మళ్ళీ వచ్చింది. పాత చీటీలో జబ్బు పేరు ఉంది కదా, దాన్నే తిరిగి రాశాను. హాలోపెరిడాల్ మోతాదు పెంచాను. కుంగుబాటుకు మందు ఇవ్వలేదు. తరువాత చూసిన వైద్యులందరూ నా చీటీనే ప్రమాణంగా తీసుకున్నారు. కండెలు చుట్టే ఆమె వేళ్ళు మందు ప్రభావంతో బిగుసుకుపోయి, తెగిన పోగు అతకడానికి కూడా పనికిరాకుండా పోయాయి. పిచ్చామె అన్న పేరు వీధిలో స్థిరపడింది.

2005లో ఆమె ప్రాణం తీసుకోబోతే భర్త అడ్డుపడి తెచ్చాడు. అప్పటికి ఒక యువ మానసిక వైద్యుడు మా ఆసుపత్రికి వచ్చి ఉన్నాడు. పాత కాగితాలు పక్కన పెట్టి, భర్తను కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాడు. తరువాత నా గదికి వచ్చాడు. "సార్, మొదటిసారి డిశ్చార్జి అయ్యాక ఆమె మెల్లగా కోలుకుని రెండేళ్ళు బాగుందట. మాత్రలు మానేసినా ఏ గొంతూ వినిపించలేదట. కండెలు చుట్టిందట, కూతురి పెళ్ళి దగ్గరుండి చేసిందట. ఆ రెండేళ్ళు షీటులో ఎక్కడా లేవు" అన్నాడు.

నిజమే. బాగున్నవాళ్ళు ఆసుపత్రికి రారు; కనుక వాళ్ళు బాగున్నట్టు మా కాగితాలకు తెలియదు. కానీ ఆ బాగున్న కాలమే లేకపోతే "తిరగబెట్టేది" అన్న మాటకు అర్థం లేదు.

ఆయన కుంగుబాటు మందును, భ్రమలకు ఇచ్చే మందును కలిపి ఇచ్చాడు. మత్తు ఇచ్చి విద్యుత్ చికిత్స కూడా చేయించాడు. సినిమాలు ఈ చికిత్సను రాక్షసంగా చూపించాయి గాని, ఈ జబ్బుకు ఉన్న శక్తిమంతమైన చికిత్సల్లో అదొకటి. కొన్ని వారాల్లో ఆమె అడిగి అన్నం పెట్టించుకుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉంటే, డాక్టరు అడగకపోయినా ఆ మంచి రోజుల గురించి చెప్పండి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ పని చేయగలిగారు, మందులు వాడుతున్నారా మానేశారా అన్నది చెప్పండి. ఎప్పుడైనా ఆపలేని హుషారుతో నిద్ర లేకుండా తిరిగి ఉంటే అదీ చెప్పండి. అప్పుడు జబ్బు పేరే మారుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన వైద్య రికార్డును పొందే హక్కు రోగికి ఇచ్చింది. బీమాలో మానసిక వ్యాధులను ఇతర వ్యాధులతో సమానంగా చూడాలని కూడా చెప్పింది. అందుచేత ఆ కాగితంలో ఏముందో అడిగి తీసుకుని చదవండి. చనిపోవాలన్న మాట వినబడితే మాత్రం కాగితాల కోసం ఆగకండి. మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

ఆ రోజు పాత షీట్లు తెప్పించుకున్నాను. కొట్టివేసి దిద్దకూడదు కనుక, కింద తేదీ వేసి, మొదటి నిర్ధారణ పొరపాటని, ఆధారాలు ఫలానావని, ఇది ఎఫ్ 33.3 అని రాసి సంతకం చేశాను. డిశ్చార్జి నాడు ఆమె "ఏం రాశారయ్యా?" అని అడిగింది. తెలుగులో చదివి వినిపించాను. కూతురి పెళ్ళి సంగతి దగ్గర ఆపి, అది వైశాఖం కాదు, మాఘమని చెప్పింది. దిద్దాను.