పెన్సిల్వేనియాలో వేట మాటలు

మీలో చాలామంది నాలాగే తెలుగు గుడిలో నేర్చుకున్నవాళ్ళు. ఆదివారం పొద్దున చాప మీద కూర్చుని అ ఆలు దిద్దినవాళ్ళు. అలా నేర్చుకున్న తెలుగులో దేవుడి మాటలు ఎక్కువ, వీధి మాటలు తక్కువ. ‘వేట’ అన్న మాట నాకు రాజుల కథల్లోంచే వచ్చింది. దశరథుడు వేటకు వెళ్ళాడు, శాపం తగిలింది. పాండురాజు వేటకు వెళ్ళాడు, శాపం తగిలింది. యాభై నాలుగేళ్ళు వచ్చేదాకా వేట గురించి తెలుగులో నాకు తెలిసింది ఇంతే. మా మారిషస్ క్రియోల్‌లో మాత్రం ‘లా షాస్’ అన్న మాట చిన్నప్పటి నుంచి తెలుసు. దాని సంగతి తర్వాత చెబుతాను.

2023 నవంబరులో అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు ఇంటికి వెళ్ళాను. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ నగరానికి తూర్పున ఉంటాడు. దగ్గరలోనే పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. 1970లలో కట్టిన గుడి, అమెరికాలోని పాత హిందూ గుళ్ళలో ఒకటి. దర్శనం చేసుకుని కొండ దిగుతుంటే మా కారు ముందు నుంచి మూడు జింకలు రోడ్డు దాటాయి. నేను చేతులు జోడించబోయాను. మా వాడు కారు ఆపి, “పెద్దమ్మా, మధ్యలోది షూటర్!” అన్నాడు.

షూటర్ అంటే కాల్చేవాడు కదా? జింక ఎవరిని కాలుస్తుంది? మా వాడు నవ్వాడు. వేటగాళ్ళ భాషలో షూటర్ అంటే కాల్చదగిన మగ జింక అట. మా వాడు వేట మొదలుపెట్టాడని నాకు అప్పుడే తెలిసింది. నలభై దాటాక మొదలుపెట్టాడు. అలాంటి వాళ్ళకు కూడా ఒక పేరు ఉంది, ‘అడల్ట్ ఆన్‌సెట్ హంటర్’. పెద్దయ్యాక వచ్చే చక్కెర జబ్బుకు పెట్టినట్టు పెట్టారు!

నేను బడిపంతులమ్మను. కొత్త మాట వింటే రాసుకోకుండా ఉండలేను. ఆ వారం నా నోటుపుస్తకం నిండిపోయింది. కొన్ని మీకు చెబుతాను.

పెద్ద కొమ్ముల జింకను ‘బూనర్’ అంటారు. థియోడర్ రూజ్‌వెల్ట్, మరికొందరు కలిసి 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు పెట్టారు. ఆ క్లబ్బు పద్ధతి ప్రకారం కొమ్ములను అంగుళాల్లో కొలుస్తారు. అక్కడి తెల్లతోక జింకకు, రెండు వైపులా కొమ్ములు సమంగా పెరిగితే, కొలతలన్నీ కలిపి 170 అంగుళాలు రావాలి. అప్పుడే దాని పేరు వాళ్ళ పెద్ద పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇక్కడ ఒక చిన్న పాఠం. తెలుగులో జంతువుకు ఉండేది కొమ్ము, చెట్టుకు ఉండేది కొమ్మ. చాలా ఏళ్ళు నేను ఈ రెండూ కలిపేసి మా గురువుగారి చేత చీవాట్లు తిన్నాను. ఆ జింకను చూశాక నా తప్పు మరీ పెద్దదేమీ కాదనిపించింది. దాని కొమ్ముకు నిజంగానే కొమ్మలు ఉన్నాయి.

దూరం నుంచి బూనర్‌లా కనిపించిన జింక, దగ్గరికి వెళ్ళి చూస్తే చిన్నదైపోతుంది. దాన్ని ‘గ్రౌండ్ ష్రింకేజ్’ అంటారు. “మనకూ ఉందిరా ఆ మాట, దూరపు కొండలు నునుపు” అన్నాను. మా వాడికి అది చాలా నచ్చింది. జింకను చూడగానే చేతులు వణికితే ‘బక్ ఫీవర్’. ఇది పాత మాట. చచ్చిన జింక కొమ్ములు పట్టుకుని నవ్వుతూ దిగే ఫోటో ‘గ్రిప్ అండ్ గ్రిన్’. అడవిలో చెట్లకు కెమెరాలు కట్టి, వాటిలో పడిన జింకలకు పేర్లు పెట్టి, వరసగా రాసుకుంటే అది ‘హిట్ లిస్ట్’. ఇది నాకు నచ్చలేదు. పేరు పెట్టినదాన్ని ఎలా కాలుస్తారు? మా వాడు దీనికి జవాబు చెప్పలేదు.

ఇక ‘ట్యాగ్ సూప్’. లైసెన్సుతో పాటు ఒక కాగితం ట్యాగ్ ఇస్తారు. జింక దొరికితే దాన్ని జింక చెవికి కట్టాలి. కాలం ముగిసినా ఏదీ దొరకకపోతే ట్యాగ్ మిగిలిపోతుంది. ఇంక ఆ కాగితాన్నే ఉడకబెట్టుకుని సూప్ తాగాలన్నమాట.

తుపాకీతో జింకల వేట అక్కడ థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాత మొదలవుతుంది. 1963 నుంచి 2018 దాకా సోమవారం మొదలయ్యేది. ఆ సోమవారం చాలా బడులకు సెలవు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఇస్తారు. మా పిల్లలకు చెబితే నమ్మలేదు. 2019లో దాన్ని శనివారానికి మార్చారు. శనివారం! వెంకన్న వారం, పైగా కార్తీక మాసం. మా కోడలు ఏమీ అనలేదు. ముందు రోజు రాత్రి వంటగదిలో గిన్నెల చప్పుడు మాత్రం కాస్త ఎక్కువగా వినిపించింది.

ఆ శనివారం నన్ను కూడా తీసుకెళ్ళారు. నాకొక నారింజ రంగు టోపీ పెట్టి, అడవి అంచున కారు దగ్గర కూర్చోబెట్టారు. అది ‘స్టేట్ గేమ్ ల్యాండ్స్’ అనే ప్రభుత్వ అడవి. ఇలాంటివి ఆ రాష్ట్రంలో 15 లక్షల ఎకరాలకు పైగా ఉన్నాయి. ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకు లైసెన్సు దాదాపు 21 డాలర్లు. అది ఉంటే ఎవరైనా వేటాడవచ్చు. మా వాడితో ఐదుగురు వచ్చారు. అందులో పెద్దాయన స్కూలు బస్సు నడుపుతాడు. ఆయనే మా వాడికి వేట నేర్పాడు.

“పొద్దున నేను డ్రైవ్ చేస్తాను” అన్నాడు మా వాడు. కారు తాళాలు ఇవ్వబోయాను. అందరూ నవ్వారు. డ్రైవ్ అంటే అడవిలో వరసగా నడుస్తూ జింకలను అటువైపుకు తరమడం. అటు చివర తుపాకులతో కాపు కాసేవాళ్ళు ‘స్టాండర్లు’. ముగ్గురు తరిమారు, ముగ్గురు కాపు కాశారు. మధ్యాహ్నం శాండ్‌విచ్‌లు తిన్నాక మారిపోయారు. పొద్దున తరిమినవాళ్ళు కాపు కాశారు, కాపు కాసినవాళ్ళు తరిమారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అలవాటు ప్రకారం మారిపోయారు, అంతే.

నేను కారు దగ్గర కూర్చుని మా తాతను తలచుకున్నాను. దక్షిణాఫ్రికాలో, ఫిజీలో ఉన్న పాఠకుల కోసం చెబుతున్నాను. మారిషస్‌లో జింకలు మొదట లేవు. డచ్చివాళ్ళు 1639లో జావా నుంచి తెచ్చి వదిలారు. తర్వాత పెద్ద పెద్ద ఎస్టేట్లలో వాటి వేట సాగింది. అదే లా షాస్. దొరలు మంచె మీద తుపాకులతో కూర్చుంటారు. (మంచె అంటే పొలంలో కాపలాకు కట్టే ఎత్తైన అరుగు. అమెరికావాళ్ళ ‘ట్రీ స్టాండ్’కు తెలుగు ఇదే.) కింద కూలీలు డబ్బాలు కొట్టి, కేకలు వేసి జింకలను తరుముతారు. మా తాత చెరకు నరికేవాడు. చలికాలంలో పిలిస్తే జింకలను తరమడానికి వెళ్ళేవాడు. పని అయ్యాక ఒక ముక్క మాంసం ఇచ్చేవారు. ఒక్కోసారి అదీ లేదు. ఆయన ఎన్ని ఏళ్ళు తరిమాడో లెక్క లేదు. మంచె మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు.

నాలుగు గంటలకు ఒక తుపాకీ మోత వినిపించింది. మా వాడిదే. వచ్చి, “హార్వెస్ట్ చేశాను పెద్దమ్మా” అన్నాడు. ముఖంలో నవ్వు లేదు. ఫోటో కూడా తీసుకోలేదు.

మర్నాడు ఆ మాట మా ఇంట్లో పెద్ద సమస్య అయింది. వాడి కూతురికి ఎనిమిదేళ్ళు. తెలుగు క్లాసుకు ‘శనివారం మా నాన్న ఏం చేశాడు’ అని రాసుకుని వెళ్ళాలి. “నానమ్మా, హార్వెస్ట్‌కు తెలుగు ఏమిటి?” అని అడిగింది.

పంట అంటాం. కోత అంటాం. ‘మా నాన్న జింకను పండించాడు’ అని రాయగలమా? కోత అంటే నాకు చెరకే గుర్తొస్తుంది. క్రియోల్‌లో ‘లా కూప్’. మా నానమ్మ అరచేతులు గుర్తొస్తాయి. హార్వెస్ట్ అన్న మాట వేటలోకి పొలం నుంచే వచ్చింది. 1933లో ఆల్డో లియోపోల్డ్ అనే పండితుడు ఒక పెద్ద పుస్తకం రాశాడు. అడవి జంతువులను కూడా ఏటేటా వచ్చే పంటలా చూసుకోవాలన్నాడు. అందులో న్యాయం ఉంది. పెన్సిల్వేనియాలో ఒకప్పుడు జింకలు దాదాపు అంతరించిపోయాయి. 1906 నుంచి వేరే రాష్ట్రాల నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు ఏటా నాలుగు లక్షలకు పైగా వేటాడినా ఇంకా ఉన్నాయి. అయినా బస్సు నడిపే పెద్దాయన ఆ మాట వాడడు. “మొక్కజొన్నను కోస్తాం, జింకను చంపుతాం” అంటాడు.

మా వాడిని అడిగాను. “ఆఫీసులో చంపాను అంటే అందరూ మాట ఆపేస్తారు పెద్దమ్మా. హార్వెస్ట్ అంటే మాంసం రుచి అడుగుతారు” అన్నాడు. కాసేపాగి, “నాకు కూడా ఆ మాట సులువు” అన్నాడు. ముందు రోజు రాత్రి వాడు అన్నం తినలేదని నాకు తెలుసు.

అప్పుడు కోడలు వంటగదిలోంచి వచ్చింది. ఆమెది కాకినాడ. మన ముత్తాతలు ఓడ ఎక్కిన కోరంగి రేవు అక్కడికి దగ్గరే. ఆ రేవు పేరు మీదే మారిషస్‌లో మనల్ని కోరంగి అన్నారు. “మా ఊళ్ళో వేట అంటే చేపలకు వెళ్ళడం అత్తయ్యా” అంది. “ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. అమ్మవారికి బలి ఇచ్చే పొట్టేలును కూడా వేట అంటారు. బజారులో వేట మాంసం అంటే మేక మాంసం. అడవితో పనేమీ లేదు.” గుడిలో నేర్చుకున్న నా మాట ఒక్క నిమిషంలో నాలుగు మాటలైంది. నోటుపుస్తకంలో రాసుకున్నాను. మీరూ రాసుకోండి.

చివరికి పాప తనే రాసింది: ‘మా నాన్న శనివారం జింకను వేటాడి చంపాడు. నేను చూడలేదు. కార్తీక మాసం అయ్యాక తింటాము.’ ‘చంపాడు’లో సున్నా మరిచిపోయింది. అది ఒక్కటే దిద్దాను.

మాంసం పొట్లాలు డిసెంబరు రెండో వారం దాకా ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. అమావాస్య వెళ్ళాక కోడలు అల్లం, మిరియాలు దంచి వేపుడు చేసింది. మొదటి ముక్క తీసి నా పళ్ళెంలో వేసింది. అందులో కొవ్వు తక్కువ. నూనె కాస్త ఎక్కువ పడుతుంది.

తర్వాతి ఏడాది డిసెంబరులో మా వాడు ఫోనులో రెండే మాటలు పంపాడు: “ట్యాగ్ సూప్.” “ఉప్పు సరిపోయిందా?” అని తెలుగులో రాసి పంపాను.