మాసికలు

2018లో ఆఫీసు పని మీద మూడు నెలలు టోక్యోలో ఉన్నాను. ఒక ఆదివారం అసాకుసా గుడి నుంచి బయటికొస్తుంటే వాన. పక్కనే అమ్యూజ్ మ్యూజియం కనిపిస్తే దూరాను. వాన పడకపోతే వెళ్లేవాణ్ణి కాదు. 2019లో దాన్ని మూసేశారు.

లోపలంతా చిరుగుపాతలే. వీటిని ‘బొరో’ అంటారు. ఆ మాటకర్థమే చింపిరిగుడ్డ. నీలిరంగు గుడ్డ మీద ఇంకో నీలం ముక్క, అది చిరిగితే దానిమీద మరొకటి. అసలు బట్ట ఏదో, మాసిక ఏదో తెలీదు. అక్కడ వాటిని ముట్టుకోనిచ్చేవాళ్లు. ముట్టుకున్నాను. బరువు, గరుకు, ఎక్కడో తెలిసిన స్పర్శ.

ఇవి ఎక్కువగా అవొమొరివి. జపాన్ ప్రధాన దీవికి ఉత్తరపు కొస అది. ఆ చలికి పత్తి పండదు. రైతులు కట్టుకున్నది హెంప్ నారబట్ట (అవును, గంజాయి జాతి మొక్కే). వదులు నేత, గాలి దూసుకొస్తుంది. పైగా ఎడో కాలంలో త్సుగరు పాలకులు రైతులు నూలుబట్ట కట్టకూడదని ఆంక్షలు పెట్టారు. దక్షిణం నుంచి ఓడల్లో వచ్చే పాత నూలుపేలికలే మహాభాగ్యం. ఆడవాళ్లు వాటిని పొరలుగా పేర్చి, సూది పైకి, కిందికి, పైకి, కిందికి, దగ్గరదగ్గరగా కుట్టేవారు. ఆ కుట్టే సషికో. నేతలో సందులు దారంతో పూడిపోతే గాలి ఆగుతుంది. అంత సూటి ఇంజనీరింగ్.

తర్వాత్తర్వాత చేతిలో డబ్బులాడి, ఇళ్లలో ఇవి ఉన్నాయని చెప్పుకోవడానికే జనం సిగ్గుపడ్డారు. తనాకా చూజబురో అనే ఆయన ఊళ్లు తిరిగి, దశాబ్దాలపాటు సేకరించబట్టి మిగిలాయి.

ఆ సిగ్గు నాకు తెలుసు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది హాస్టల్‌కి నాయనమ్మ బొంత తీసుకెళ్లాను. పాత నేతచీరలు నాలుగు పొరలు పరిచి, పెద్ద సూదితో తనే కుట్టింది. “మీ ఇంట్లో దుప్పట్లు లేవారా?” అన్నాడు రూమ్మేట్. సంక్రాంతి సెలవులకి దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చాను. బరువుగా ఉందని అబద్ధం చెప్పాను. నాయనమ్మ ఏమీ అనలేదు.

ఈమధ్య బెంగళూరులో ఒక షాపులో ‘బొరో స్టైల్’ జాకెట్ 18,000 రూపాయలు. లేమిలో సౌందర్యం అంటూ ఒక చీటీ కూడా తగిలించారు. నాకు చిరాకేసింది. కొత్తగుడ్డ దొరికుంటే ఆ తల్లులు పేలికలు ఎందుకు కుడతారు?

అలాగని అంతా అవసరమే అని కొట్టిపారేయలేను. త్సుగరు ఆడవాళ్లు కొగిన్ కుట్టులో తెల్లదారంతో వజ్రాకారాలు తీర్చారు. చలి ఆపడానికి వజ్రాలక్కర్లేదు. నాయనమ్మ కూడా బొంత చుట్టూ ఎర్రంచు విడిగా కోసి వేసింది. వెచ్చదనానికి ఆ ఎరుపుతో పనిలేదు. ఇది నాకు ముప్పై దాటాక, వేరే దేశంలో, వేరేవాళ్ల గుడ్డ ముట్టుకుంటే గానీ తట్టలేదు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.

“నాయనమ్మ బొంత ఉందామ్మా?”

“ఏది, నువ్వు వదిలేసిపోయిందా? ఆవిడే కప్పుకుంది కదరా చివరిదాకా. పోయినరోజు ఆవిడతోపాటే పంపించేశాం.”