పాలమూరు పల్లెల్లో ఆరో తరగతి

తెలంగాణలో ఐదో తరగతితో ప్రాథమిక బడి ముగుస్తుంది. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) ప్రాంతంలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పదకొండేళ్ల పిల్లలు చాలామంది ఆరో తరగతికి ఊరి బడి వదిలి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరతారు. అంతవరకు ఒకరిద్దరు సార్లే అన్నీ చెప్పేవారు. ఇక్కడ గంట కొట్టగానే సారూ మారతారు, పుస్తకమూ మారుతుంది. ఏ పీరియడుకు ఏ నోట్‌బుక్కు తీయాలో, ఏ సారుకు ఏ రాత నచ్చుతుందో తెలుసుకోవడంతోనే మొదటి నెలలు గడుస్తాయి. అమెరికాలోని తెలుగు పిల్లలకూ చాలాచోట్ల ఆరో తరగతే మిడిల్ స్కూల్‌కు మొదటి ఏడు. తేడా ఒక్కటే, అక్కడ గంట మోగితే గది మారేది పిల్లలు.

కొత్తగా వచ్చే సబ్జెక్టు హిందీ. పరిసరాల విజ్ఞానం సామాన్యశాస్త్రంగా, సాంఘికశాస్త్రంగా విడిపోతుంది. గణితంలో రుణ సంఖ్యలు, నిష్పత్తులు వస్తాయి. అగ్గిపుల్లలతో ఆకారాలు పేర్చి, ఎన్ని ఆకారాలకు ఎన్ని పుల్లలు కావాలో లెక్కగడుతూ పిల్లలు బీజగణితంలోకి అడుగుపెడతారు. అంకె ఉండాల్సిన చోట అక్షరం నిలబడుతుంది. ఆ ఏడాది చదువులో ఇంతకంటే పెద్ద మలుపు లేదు. అమెరికా పాఠ్యప్రణాళికలోనూ రుణ సంఖ్యలు, నిష్పత్తులు ఆరో తరగతివే.

సామాన్యశాస్త్రంలో పత్తి నారగా, నూలుగా, బట్టగా మారే పాఠం ఉంటుంది. గద్వాల పిల్లలకు అది కళ్ల ముందరి పనే. నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే కలిపి నేసే గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సాంఘికశాస్త్రంలో పటాలు చదవడం, గ్రామ పంచాయతీ పనితీరు నేర్పుతారు. పీఠభూమి పల్లెకు ఉదాహరణగా పాలమూరు ఊరైన డోకూరునే తీసుకున్నారు. ఈ పాఠాలను నాలుగు గోడల మధ్య చదివి వదిలేయడం అన్యాయం. మగ్గం దగ్గరికి, చెరువు కట్ట మీదికి పిల్లల్ని తీసుకెళ్లాలి.

ప్రభుత్వ బడుల బాగుకు పెట్టిన ‘మన ఊరు - మన బడి’ పథకం 2022 మార్చి 8న వనపర్తిలోనే మొదలైంది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వచ్చాయి. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకున్నాకే ఇంగ్లీషు పేజీకి వెళ్లాలి. విదేశాల్లో 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థలు సెలవు రోజుల్లో శ్రమపడి నేర్పుతున్న తెలుగు, ఈ పిల్లలకు ఇంట్లోనే ఉంది.

కస్తూర్బా విద్యాలయాలు, మోడల్ స్కూళ్లు, వట్టెంలోని నవోదయ అన్నీ ఆరో తరగతితోనే మొదలవుతాయి. బడి మానేసిన ఆడపిల్లలు మళ్లీ చదువులోకి రావడానికి కస్తూర్బా పెద్ద దారి. 2011 జనగణనలో గద్వాల ప్రాంతపు అక్షరాస్యత సుమారు 50 శాతమే, రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ. విత్తన పత్తి క్రాసింగ్ (పూలకు చేత్తో పరాగం అద్దే) పనులు బడులు తెరిచాక ఆగస్టు, సెప్టెంబరుల్లో ముమ్మరమవుతాయి. ఆ చేలల్లో ఆడపిల్లలు పనిచేయడం ఎన్నో ఏళ్లుగా ఉన్న సమస్య. ఆ వారాల్లో బడి తప్పితే హిందీ అక్షరాలూ లెక్కల పునాదీ పోతాయి. తర్వాత అందుకోవడం కష్టం.

సొంతూరి బడికి కంప్యూటర్లు, బెంచీలు పంపే ప్రవాసులు ముందుగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆరో తరగతి ఆడపిల్లల హాజరు ఎంతో హెడ్‌మాస్టరును అడగాలి. సాయం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.