కారు రానివాళ్ల బండి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మనలాంటి వాళ్లకు కాళ్లుండవు. గడప దాటాలంటే శనివారం రావాలి, అల్లుడికి తీరిక దొరకాలి. అలాంటిది డెన్వర్ నుంచి గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ దాకా మేమిద్దరమే కొండల్లో రైలెక్కి వెళ్లొస్తామనేసరికి అమ్మాయి గాభరా పడింది. చివరికి తనే టికెట్లు తీసింది.

యూనియన్ స్టేషన్లో అడుగుపెడితే ఏదో హోటల్లోకి వచ్చినట్టుంది. సోఫాలు, కాఫీలు, ల్యాప్‌టాప్‌లు. ‘చాయ్’ అన్న కేక లేదు, ఛార్టు లేదు, కూలీ లేడు. విచారిస్తే నిజంగానే మేడమీద హోటలుందట! ప్లాట్‌ఫాం ఎటో తేలక తలో దిక్కూ చూస్తుంటే, నల్ల టోపీలు, గడ్డాల మగవాళ్లు, తెల్ల కుచ్చుటోపీల ఆడవాళ్లు మూటాముల్లెతో ఒకవైపు నడుస్తూ కనిపించారు. ఆమిష్ శాఖ క్రైస్తవులు. కారు నడపడం వాళ్ల ఆచారం కాదు; దూర ప్రయాణాలకు తరచూ రైలే. వాళ్లు నియమం కొద్దీ, మేము చేతకాక, ఒకే క్యూలో నిలబడ్డాం.

ఆ రైలు కాలిఫోర్నియా జెఫిర్. షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఎమరీవిల్ దాకా 2,438 మైళ్లు పోతుంది. మేడబస్సులా రెండంతస్తులు. అటెండెంటు మేం దిగే ఊరి పేరు పొడి అక్షరాల్లో చీటీ మీద రాసి సీటు పైన దోపాడు. రిజర్వేషన్ ఛార్టు అదే!

బండి కొండెక్కడం మొదలెట్టాక ‘బిగ్ టెన్’ అనే పెద్ద వంపు వచ్చింది. పట్టాల పక్కన ఇసుక నింపిన పాత వ్యాగన్లు వరసగా నిలబడి ఉన్నాయి. కొండ మీంచి విరుచుకుపడే గాలి రైళ్లను పడదోయకుండా అడ్డుకోవడమే వాటి పని. రిటైరయ్యాక కూడా డ్యూటీ తప్పలేదు పాపం.

తర్వాత సొరంగాలే సొరంగాలు. అరకు రైల్లోలా పిల్లలు కేకలు పెడతారేమోనని చూశాను. ఎవరూ కిక్కురుమనలేదు. పెద్దది మొఫాట్ సొరంగం: 6.2 మైళ్లు, 1928లో తెరిచారు. అంతకుముందు రైళ్లు 11,600 అడుగులకు పైనున్న కనుమ ఎక్కి, మంచులో చిక్కుకునేవట. సొరంగంలో పొగ లోపలికి రాకుండా పెట్టెల మధ్య తలుపులు తెరవొద్దని మైకులో చెప్పారు. మన అరకు దారిలోని సిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తని గొప్పగా చెప్పుకుంటామా, ఇక్కడ పట్టాలు దాదాపు 2,800 మీటర్లకు చేరతాయి. సొరంగం మీది కొండకు ఇవతల కురిసిన వాన అట్లాంటిక్ వైపు, అవతల కురిసింది పసిఫిక్ వైపు పోతుంది.

అద్దాల లౌంజ్ పెట్టెలో సీటు ఎవరిదీ కాదు, ముందు వెళ్లినవాళ్లదే. కింద క్యాంటీన్లో కప్పు నూడుల్స్, చిప్స్, కాఫీ. మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీయగానే పక్కనున్న పెద్దావిడ వాసనకు తిరిగి చూసింది. ఆమెకో చెంచాడు, మాకు ఆమె ద్రాక్షపళ్లు. కంటిచూపు తగ్గి కారు మానేశానని చెప్పింది. మా జట్టే!

గ్రాన్‌బీ దగ్గర కొలరాడో నది కలిసింది. గోర్ కాన్యన్‌లో రోడ్డే లేదు. రాతిగోడలు, నీళ్లు, మనం. అది దాటాక నదిలో పడవలవాళ్లు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. చెయ్యూపుతారనుకుని మా ఆవిడ ముందే ఊపింది. వాళ్లు వెనక్కి తిరిగి నిక్కర్లు దించారు! ‘ఏవండీ, ఇదేం చోద్యం!’ అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక్కడ ఇది పాత అలవాటేనట. పెద్దావిడ మాత్రం ద్రాక్ష తింటూనే ఉంది.

గ్లెన్‌వుడ్‌లో దిగేసరికి అల్లుడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. మాకంటే రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరి, కారులో ముందే చేరాడు. ‘అంతసేపు ఏం చేశారు మామయ్యగారూ?’ అన్నాడు. పడవల సంగతి వాళ్ల అత్తయ్యే చెప్పాలని ఊరుకున్నాను.

ఈసారి మీరు డెన్వర్ వెళ్తే శనివారం కోసం కాచుకోకండి. బండి పొద్దున్నే ఉంటుంది. ఎక్కగానే లౌంజ్‌లో చోటు పట్టుకోండి, పులిహోర కాస్త ఎక్కువే కలుపుకోండి. తోడు గురించి దిగులొద్దు: కారు రానివాళ్లు ఆ దేశంలోనూ బోలెడుమంది ఉన్నారు.